మెకానిక్కు వచ్చి వెళ్ళిన తరువాత

"నిన్నటి వరకు బండి బాగుగనే ఉన్నది. మెకానిక్కు చేయి పెట్టినాడు. ఈనాడు కొత్త జబ్బు పుట్టినది." కారున్న ప్రతి ఇంటను ఏదో ఒకనాడు వినవచ్చు మాట ఇది. ఈ మాటలో ఆరోపణ కలదు, తర్కము కలదు, కొంత నిజము కూడ ఉండవచ్చును. లేనిది కొలత ఒక్కటే.

విశాఖపట్టణములో, సముద్రపు గాలి నేరుగా తగులు పెదవాల్తేరు వంటి పేటలో, రాత్రులందు వీధిలోనే నిలుచు ఒక కారును ఊహించవచ్చును. బ్యాటరీ పాతబడినది. మెకానిక్కు ఇంటికే వచ్చి కొత్తది బిగించి, ఇంజను నడిపి చూపి, డబ్బు పుచ్చుకొని వెళ్ళినాడు. రెండు దినములు గడచినవి. మూడవనాటి ఉదయము తాళము త్రిప్పగా "టక్కు" మను చప్పుడు తప్ప మరేమియు లేదు. హెడ్‌లైట్లు వేసి చూచిన వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది. ఇంజను మాత్రము కదలదు.

ఇప్పుడు మూడు తీర్పులు వెలువడును. యజమాని తీర్పు: మెకానిక్కు ఏదో చెడగొట్టినాడు. మెకానిక్కు తీర్పు: "బ్యాటరీ కొత్తది, దీపములు వెలుగుచున్నవి, కావున స్టార్టరు మోటారు పోయినదండీ, మార్చవలెను." ప్రక్కింటివారి తీర్పు: ఆల్టర్నేటరు. ముగ్గురును అనుభవజ్ఞులే. ముగ్గురిలో ఒక్కరును ఆ చప్పుడు వచ్చు క్షణమున విద్యుత్తు ఎచ్చట ఆగిపోవుచున్నదో కొలిచి చూడలేదు.

మొదట యజమాని తర్కమును పరిశీలింపవలెను. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒకేసారి జరిగిన, కాకియే పండును పడగొట్టినదనుకొనుట కాకతాళీయమని పెద్దలు ఏనాడో హెచ్చరించిరి. న్యాయశాస్త్రజ్ఞులు ఇంకను సూక్ష్మముగ ఆలోచించిరి. కుండ పుట్టుటకు ముందు కుమ్మరి చక్రము ఉన్నది, చక్రమును త్రిప్పు దండము ఉన్నది, మట్టి మోసిన గాడిదయు ఉన్నది. మూడును కుండకు ముందున్నవే. అయినను దండమును, చక్రమును కారణములనిరి, గాడిదను కాదనిరి. గాడిద లేకున్నను మట్టి వేరొక విధముగ వచ్చును, కుండ పుట్టును. ముందుండుట కారణత్వమునకు చాలదు; అది లేనిదే కార్యము జరుగదని తేలవలెను. ఈ కథలోని మెకానిక్కు దండమా, మట్టి మోసిన జంతువా అన్నదే ప్రశ్న. (పోలిక తర్కమునకే గాని ఆ వృత్తిని చులకన చేయుటకు కాదు, నడివేసవిలో ఇంజను మూత క్రింద తల పెట్టి పనిచేయువారికి దక్కవలసిన గౌరవము వారికి దక్కుట లేదు.)

ఇంతమాత్రమున యజమాని అనుమానము వట్టిదని కొట్టివేయరాదు. మరమ్మతే కొత్త దోషమును పుట్టించునని లెక్కలతో చూపిన ఉదాహరణ ఒకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిష్ వాయుసేనలోని కోస్టల్ కమాండు విమానములు సముద్రముపై జలాంతర్గాములను వెదకుచుండెను. ప్రతి విమానమును కొన్ని గంటల ప్రయాణము తరువాత విప్పి తనిఖీ చేయుట నియమము. అక్కడి పరిశోధక బృందములో పనిచేసిన వాడింగ్టను అను జీవశాస్త్రజ్ఞుడు ఆ విమానముల మరమ్మతు లెక్కలను పరిశీలించెను. తనిఖీ వలన చెడిపోవుట తగ్గవలెను గదా! కాని తనిఖీ ముగిసిన వెంటనే అనుకోని మరమ్మతులు హెచ్చుగ కనబడి, గంటలు గడచినకొలది తగ్గుచుండెను. బాగుగ నడచుచున్న యంత్రమును విప్పి బిగించుటయే ఒక కలత అని దీని అర్థము. ఈ వివరములు అతని గ్రంథముగ 1973లో వెలువడినవి. రేవు, నౌకాదళము, ఉక్కు కర్మాగారము ఉన్న విశాఖలో వేలమందికి మరమ్మతు నిత్యవృత్తి. వారికి ఈ విషయము గ్రంథము చదువకయే తెలియును.

కావున మెకానిక్కు నిర్దోషియని గాని దోషియని గాని ముందుగనే చెప్పుటకు వీలులేదు. ఇక అతని తర్కము చూడవలెను. "బ్యాటరీలో 12.6 వోల్టులున్నవి, దీపములు వెలుగుచున్నవి, కావున వైర్లు బాగున్నవి." ఈ వాక్యములో మొదటి రెండును నిజములే. మూడవది మాత్రము తప్పు.

కారు బ్యాటరీలో ఆరు ఘటములు వరుసగ కూర్చబడి యుండును. నిండుగ నున్నప్పుడు, పనిలేక విశ్రాంతిగ నున్నప్పుడు, మొత్తము సుమారు 12.6 వోల్టులు. రెండు హెడ్‌లైట్లు, ఒక్కొక్కటి 55 వాట్టులవైన, కలిసి లాగు ప్రవాహము 9 ఆంపియర్లు. స్టార్టరు మోటారు కోరునది 100 ఆంపియర్లకు పైమాట. ఇప్పుడు బ్యాటరీ గూటమునకును క్లాంపునకును నడుమ 0.05 ఓము నిరోధము ఏర్పడినదనుకొనవచ్చును. దీపముల ప్రవాహము ఆ చోట పోగొట్టుకొనునది 0.45 వోల్టు, కంటికి తెలియదు. స్టార్టరుకు 100 ఆంపియర్లు ప్రవహించినచో అదే చోట 5 వోల్టులు పోవును. మోటారుకు మిగులునది సగము వోల్టేజి. స్విచ్చిలోని అయస్కాంతము ఒక్కసారి లాగి, పట్టు చాలక వదలివేయును. అదే ఆ "టక్కు". పైగా ఆ 5 వోల్టులు ఊరక పోవు. 5ను 100తో గుణించిన 500 వాట్టులు. ఇంటిలోని ఇస్త్రీపెట్టె వేడిలో దాదాపు సగము, బొటనవ్రేలంత స్థలములో! గూటము సీసముతో చేయబడినది. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. తాళమును మరల మరల త్రిప్పుచు "ఈసారి అంటుకొనును, ఈసారి అంటుకొనును" అనుకొనువారు ఈ లెక్కను ఒకసారి వేసికొనవలెను.

ఆ 0.05 ఓమును మల్టీమీటరు ఓముల అంకెలో పట్టజాలదు. మీటరు తీగెలకే 0.1, 0.2 ఓములు ఉండును. మరి "కంటిన్యుటీ" చూచి బీప్ మను ధ్వని వినగానే వైరు బాగున్నదనుట ఇంకను విచిత్రము. పది పోగుల తీగెలో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినను ఆ ధ్వని వచ్చును. ఒక్క మనిషి నడువగలిగిన కర్రవంతెనపై లారీ పోవునని ఎవ్వరును అనరు గదా!

ఈ పొరపాటు మెకానిక్కుది మాత్రమే యైనచో ఇంత వ్రాయవలసిన పని లేదు. అది పాఠశాలలో పుట్టినది. విద్యుత్ పాఠములో బొమ్మ ఎట్లుండును? ఒకచోట బ్యాటరీ, ఒకచోట వంకర గీతతో నిరోధము, రెండింటిని కలుపుచు స్కేలుతో గీసిన సరళరేఖలు. ఆ సరళరేఖలకు నిరోధము సున్న. రేఖ బ్యాటరీని తాకు చోట సున్న, మూలల వద్ద సున్న. విద్యార్థి పదిసార్లు ఆ బొమ్మ గీయును. సున్న అను మాట ఎవరును చెప్పకయే అతని మనస్సులో నాటుకొనును. తరువాత అతడు మెకానిక్కు కావచ్చును, ఇంజనీరు కావచ్చును, కారు యజమాని కావచ్చును. ముగ్గురును చెడిన వస్తువును పెట్టెలలో వెదకుదురు, గీతలలో వెదకరు. కారులోని విద్యుద్దోషములలో చాలవరకు ఆ గీతలలో, గీతలు కలియు చోటులలో నివసించును.

ఇందులో వింత యేమనగా, ఆ నియమమును కనుగొన్న ఓము ఈ పొరపాటు చేయలేదు. ఆయన జర్మనీలో కొలోను నగరపు ఉన్నత పాఠశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించిన ఉపాధ్యాయుడు. నాటి వోల్టా ఘటములు నిలకడ లేనివి. కావున పొగ్గెండార్ఫు సలహాపై రాగి, బిస్మతు లోహముల ఉష్ణయుగ్మమును, ఒక కొనను మరుగు నీటిలోను రెండవ కొనను మంచులోను ఉంచి, వాడుకొనెను. వేరువేరు పొడవుల రాగితీగెలను మార్చి మార్చి పెట్టి ప్రవాహబలమును కొలిచెను. 1826లో ఆయన ప్రకటించిన సూత్రములో ప్రవాహము 'ఎ'ను ('బి' + 'ఎక్స్')తో భాగించగా వచ్చును. 'ఎక్స్' పరీక్షించు తీగె. 'ఎ' విద్యుత్తును నెట్టు బలము. మరి 'బి'? తక్కిన వలయమంతయు! పరీక్షించు తీగె కాక మిగిలిన లోహము, అతుకులు, అన్నియు అందులోనివే. 1827లో ఆయన గ్రంథము వెలువడినది. ఆ తరువాతి కాలమున పాఠ్యపుస్తకములు సూత్రమును నున్నగ చెక్కి, బోధనకు సులభముగ ఉండునని 'బి'ని తీసివేసినవి.

మొదటి పాఠమున తీసివేయుట తప్పు కాదు. నడక నేర్చు బిడ్డకు చదునైన నేల కావలెను. కాని ఆ 'బి'ని పై తరగతులలో తిరిగి తెచ్చినప్పుడును బ్యాటరీ అంతర్నిరోధము అను ఒక్క పేరుతో, ఒక్క లెక్కకు తెచ్చి, మరల మరచిపోవుచున్నారు. మూడు నిరోధములను సమాంతరముగ కలిపిన ఫలితమెంత అను ప్రశ్న ఏటేట వచ్చును. "దీపము వెలుగుచున్నది, మోటారు తిరుగుట లేదు, రెండింటికి బ్యాటరీ ఒక్కటే, ఏమి జరిగి యుండవచ్చును?" అను ప్రశ్న కనబడుట అరుదు. పాఠశాల మెకానిక్కులను తయారుచేయుటకు కాదని కొందరనవచ్చును. నిజమే. కాని ఇది మెకానిక్కు పని కాదు, ఓము నియమమే. సగము నియమము చెప్పి మిగిలిన సగమును గారేజీకి వదలుట భౌతికశాస్త్రమునకు మర్యాద కాదు.

ఆ 'బి' విశాఖలో పెరుగునంత వేగముగ లోనాటి ఊళ్ళలో పెరుగదు. కెరటములు విరిగినప్పుడు లేచు తుంపర గాలిలో ఎండి సన్నని ఉప్పుపొడియై ఇండ్లపై, బండ్లపై వ్రాలును. మామూలు ఉప్పు గాలిలోని తేమ 75 శాతము దాటగనే నీటిని పీల్చి తానే ద్రవమగును; సముద్రపు ఉప్పులో కలిసియుండు మెగ్నీషియం క్లోరైడునకు 33 శాతమే చాలును. విశాఖలో తెల్లవారుజామున తేమ 75 శాతమును దాటని దినములను వెదకవలసియుండును. అనగా వర్షము లేకున్నను ప్రతి అతుకుపై పలుచని ఉప్పునీటి పొర కలదు. రాగి, సీసము, ఇనుము ఒకదానినొకటి తాకుచు ఆ పొరలో తడిసినచో అదే ఒక చిన్న విద్యుద్ఘటము. రాగికి పచ్చని చిలుము పట్టును, ఇనుముకు తుప్పు పట్టును, బ్యాటరీ గూటము చుట్టు ఆమ్లపు ఆవిరితో కలిసి తెల్లని, నీలిరంగు పొడి పేరుకొనును. దీనికి తోడు రేవు వైపున బొగ్గు, ఇనుప ఖనిజముల ధూళి; ధూళి తడిని పట్టి ఉంచును. ఇదే నగరములో ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో మొదలైనది. ఆ కొలిమి ఖనిజమునుండి ప్రాణవాయువును విడదీసి ఇనుమును ఇచ్చుచుండగా, సముద్రపు గాలి ఇనుమును తిరిగి ఖనిజము వంటి పదార్థముగ మార్చుచుండును. రెండు కర్మాగారములలో రెండవదానికి సెలవు లేదు.

కారులో 'ఎర్తు' అను మాటయు కొంత మోసపుచ్చునది. కారు నిలిచి యుండునది రబ్బరు చక్రములపై. భూమితో దానికి విద్యుత్ సంబంధము లేదు. బ్యాటరీ ఋణధ్రువమును కారు శరీరమునకు కలిపి, తిరుగుదారికి వేరుగ తీగె లాగకుండ ఆ ఇనుమునే వాడుకొందురు; దానికే ఆ పేరు. కావున ప్రతి దీపమునకు, మోటారుకు తిరుగుదారి ఏదో ఒక బోల్టు క్రింద నున్నది. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును గనుక ఇంజనునుండి శరీరమునకు అల్లిన రాగి పట్టీ ఒకటి ఉండును. ఆ పట్టీ వదులైనచో స్టార్టరు ప్రవాహము ఇతర మార్గములు వెదకును. క్లచ్చి కేబులు గుండ పోయి దానిని వేడెక్కించిన సందర్భములు మెకానిక్కులకు తెలియును. బ్రేకు త్రొక్కిన ఇండికేటరు మినుకుమినుకుమనుట వంటి దయ్యపు చేష్టలు కూడ ఇట్టివే: తన తిరుగుదారి మూసికొనిపోయిన ప్రవాహము పొరుగు దీపము గుండ ఇంటికి పోవుచున్నది.

మరి కొలువవలసిన దెట్లు? మీటరు లేకున్నను ఒక పరీక్ష కలదు. హెడ్‌లైట్లు వేసి ఉంచి తాళము త్రిప్పవలెను. "టక్కు" మన్నప్పుడు దీపములు చెక్కుచెదరక వెలిగినచో బ్యాటరీ, దాని క్లాంపులు చాలవరకు మంచివి. దోషము అంతకు ఆవల, ఇంజను పట్టీలోనో మోటారులోనో ఉన్నది. దీపములు ఒక్కసారిగ ఆరినంత పని చేసినచో దోషము దీపములకును మోటారుకును ఉమ్మడియైన చోట, అనగా బ్యాటరీలో గాని క్లాంపులలో గాని ఉన్నది. పై కథలో దీపములు వెలుగుచున్నవని ముగ్గురును చూచిరి. తాళము త్రిప్పునప్పుడు చూచినవారు లేరు.

మీటరున్నచో దానిని వోల్టుల అంకెలో పెట్టి, ఒక కొనను సీసపు గూటముపై, రెండవ కొనను దానిని పట్టిన క్లాంపుపై ఆనించి, మరొకరిచేత తాళము త్రిప్పించవలెను. ఆ రెంటి నడుమ ఒక వోల్టులో పదవ వంతో, కొంచెము హెచ్చో చూపిన సరి. 5 చూపినచో దొంగ దొరికినాడు. అట్లే ఋణపు గూటమునుండి ఇంజను వరకు, ధనపు గూటమునుండి మోటారు వరకు. దారిలో పోయిన వోల్టులు, మోటారుకు దక్కిన వోల్టులు కూడిన మొత్తము ఆ క్షణమున బ్యాటరీ ఇచ్చుచున్న వోల్టులకు సరిపోవలెను. ఈ జమాఖర్చును 1845లో ప్రకటించిన కిర్కాఫ్ అప్పటికి ఇంకను విద్యార్థి. నిరోధమును వెదకుటకు నిరోధమును కొలువక, ప్రవాహము నడచుచుండగ అది చేయు నష్టమును కొలుచుట ఇందలి కిటుకు.

ఇప్పుడు స్టార్టరు మోటారు మార్చినచో ఏమి జరుగును? కథలోని అసలు చిక్కు ఇక్కడనే కలదు. మోటారును విప్పుటకు ముందు ప్రమాదము లేకుండ బ్యాటరీ క్లాంపును తీయవలెను. పని ముగిసిన తరువాత దానిని గీకి, తుడిచి, గట్టిగ బిగింతురు. తాళము త్రిప్పగా ఇంజను లేచును. "చూచితిరా, మోటారే!" అని మెకానిక్కు సంతోషించును. ఆ సంతోషములో కపటము లేదు. యజమాని డబ్బు చెల్లించును. నిర్దోషియైన పాత మోటారు తుక్కు క్రింద పోవును. బాగు చేసినది క్లాంపును గీకిన అర నిమిషము. కీర్తి మాత్రము కొత్త మోటారుకు. ఇట్టి అనుభవములు పది చేరిన "టక్కు మనిన స్టార్టరే" అను సూత్రము స్థిరపడును. తప్పుడు సిద్ధాంతము సరియైన ఫలితమునిచ్చి బలపడుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ తరగతి గదిలో దొరకదు.

అన్వయము, వ్యతిరేకము అని తర్కములో రెండు పరీక్షలున్నవి. ఇది ఉన్నచో అది ఉండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. వస్తువు మార్చి బండి నడపి చూచుట అన్వయముతో ఆగిపోవుట. పాత మోటారును తిరిగి పెట్టి చూచుట వ్యతిరేకము; అది ఎవ్వరును చేయరు, శ్రమ గనుక. క్లాంపు విషయములో ఆ శ్రమ లేదు. కొలిచి, గీకి, మరల కొలిచినచో నిమిషములో తేలును.

ఈనాటి కార్లలో కంప్యూటరు కలదు, స్కానరు తగిలించిన చెప్పును గదా అనవచ్చును. స్కానరు చూపు సంకేతములలో 'పి 0562' అనునది ఒకటి; వ్యవస్థలో వోల్టేజి తక్కువయైనదని దాని అర్థము. తక్కువయైనదని చెప్పును, ఎచ్చట తక్కువయైనదో చెప్పదు. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు గడియారము మొదటికి వచ్చుట, కిటికీ అద్దములు ఒక్క నొక్కుతో పైకి పోకుండుట దోషములు కావు; కంప్యూటరు మరచిన పాఠములు, మరల నేర్పిన సరిపోవును. మిగిలిన సంకేతములలో వోల్టేజి పడిపోయినప్పుడు తికమకపడిన యంత్రముల కేకలు ఎన్నో ఉండును. వానిని ఒక్కొక్క దానినే నమ్మి ఒక్కొక్క సెన్సారు మార్చినచో అది వైద్యము కాదు, అంగడి.

దీనిని తరగతిలో చూపుటకు కారు అక్కరలేదు. ఒక మేకును ఉప్పునీటిలో తడిపి కొన్నాళ్ళు ఆరుబయట ఉంచి, తుప్పుపట్టిన భాగము చుట్టు రాగితీగెను వదులుగ చుట్టి, రెండు టార్చి సెల్లులతో, టార్చి బల్బుతో వరుసగ కలుపవలెను. బల్బు తీసి, దాని హోల్డరు వద్ద కొలిచిన దాదాపు 3 వోల్టులు కనబడవచ్చును. డిజిటలు మీటరు లాగు ప్రవాహము లేనట్లే గనుక తుప్పు దానిని అడ్డగింపదు. బల్బు పెట్టగానే అంకె పడిపోవును. పోయిన వోల్టులు ఎచ్చట నున్నవో విద్యార్థులనే మీటరుతో వెదకుమనవలెను. మేకు వద్ద దొరకునప్పటి వారి ముఖములు చూడదగినవి. నిజమైన కారు బ్యాటరీపై మాత్రము పిల్లలను ఒంటరిగ వదలరాదు. ఉంగరము గాని స్పానరు గాని రెండు ధ్రువములకు అడ్డుపడిన క్షణములో ఎర్రగ కాలును. ఛార్జియగునప్పుడు వెలువడు హైడ్రోజను నిప్పురవ్వకు ప్రేలును. మీటరును ఆంపియర్ల అంకెలో పెట్టి బ్యాటరీకి అడ్డముగ తాకింపరాదు.

ఇక ఆ మెకానిక్కు మాట. తీర్పు క్లాంపు లోపలి ముఖముపై వ్రాసి యుండును. దానిని విప్పి వెలుతురులో త్రిప్పి చూడవలెను. లోపలి లోహము మెరయుచు, నట్టు మాత్రము వ్రేలితో తిరుగునంత వదులుగ నున్నచో అతడు బిగించుట మరచినాడు, దండము అతడే. లోపల పొరలు పొరలుగ చిలుము పట్టి, కొత్త గూటము తాకిన చోట మాత్రము రెండు సన్నని గీతలు మెరయుచున్నచో, అతడు చేసినది పాత క్లాంపును గీకకుండ తగిలించుట మాత్రమే. ఆ రెండు గీతల ఆధారముపై బండి రెండు దినములు నడచినది. అంత చిలుము పట్టుటకు విశాఖ గాలికి సైతము నెలలు కావలెను, రెండు రాత్రులు చాలవు.